పెరట్లో బొండుమల్లా, సన్నజాజా?

కడియపులంక నర్సరీకి వెళ్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికే చోటుంటే ఏది కొనాలి?

ముందు ఎండ చూసుకోండి. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ పడకపోతే బొండుమల్లె ఆకులే వేస్తుంది. కోనసీమలో చాలా పెరళ్లు కొబ్బరిచెట్ల నీడే కదా! సన్నజాజికీ ఎండ కావాలి కానీ, అది తీగ. పందిరి వేస్తే ఎండ ఉన్న చోటుకి తనే పాకుతుంది.

రెండోది నీళ్లు. మన ఒండ్రు నేలలో వానాకాలం తడి ఆరదు. మల్లె మొదలు దగ్గర నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. నేను మొదటి మొక్కని అలాగే పోగొట్టుకున్నాను. ఇప్పుడు జానెడు ఎత్తు మట్టి ఎగదోసి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నాటుతున్నాను. జాజికీ నిలవ నీళ్లు పడవు.

మల్లెకు అసలు పని కత్తిరింపు. డిసెంబరు, జనవరిల్లో నీళ్లు తగ్గించి, కొమ్మల్ని సగానికి కోసి, ఆకు దూసేయాలి. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది గానీ, వేసవి పూలన్నీ ఆ కొత్త చిగుళ్లకే. మొగ్గలు ఊదారంగుకి తిరిగితే మొగ్గపురుగు పట్టినట్టే, వెంటనే తుంచేయండి.

మల్లెపూత వెనకబడ్డాక, వానల్లో జాజి విరగబూస్తుంది. కాకపోతే సన్నపూలు, కోసి మాల కట్టడానికి ఓపిక కావాలి.

డాబా మీద కుండీ అయితే మల్లె, గేటు దగ్గర పందిరికి జాజి. మా ఇంట్లో మాత్రం జాజిదే పైచేయి.