పాత మోర్స్ కీలు బాగుచేసి వాడటం: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

ముందు తీర్పు చెప్పేస్తాను. సరిగ్గా బాగుచేసిన పాత మోర్స్ కీ (మోర్స్ కోడ్ పంపే మీట) ఇవాళ్టి రిగ్‌తో, అంటే రేడియో సెట్‌తో, రోజూ వాడుకోవడానికి నిక్షేపంగా పనికొస్తుంది. అది ఎనభై ఏళ్ళ నాటిదైనా సరే. నా టేబుల్ మీద ఇప్పుడు మూడు కీలున్నాయి: రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యపు జె-38, ఒక వైబ్రోప్లెక్స్ ఒరిజినల్ బగ్ (సగం ఆటోమేటిక్ కీ), బ్రిటిష్ సైన్యం వాడిన డబ్ల్యూటీ 8 యాంప్. మూడూ నా దగ్గరికి వచ్చినప్పుడు దుమ్ము కొట్టుకుపోయి, నొక్కితే ఒకసారి పలికి ఇంకోసారి పలకని స్థితిలో ఉన్నవే. పోటీల్లో తప్ప, ఏళ్ళుగా వాటితోనే సీడబ్ల్యూ (మోర్స్ కోడ్‌లో రేడియో సంభాషణ) నడుపుతున్నాను. కొత్త కీ కొనాలన్న ఆలోచనే రాలేదు.

అయితే పాత కీ చేతికి రాగానే చాలామంది మొదట చేసే పని ఇత్తడిని తళతళలాడేలా తోమడం. ఫొటోలో బాగుంటుంది, రేడియోలో పంపడం మొదలుపెట్టాక మాత్రం అదే గరగర. కీ పనితనమంతా మూడు చోట్ల ఉంటుంది: కాంటాక్టుల్లో (కీ నొక్కితే ఒకదానికొకటి తాకే లోహపు బిళ్ళల్లో), లివర్ తిరిగే ఇరుసులో, కరెంటు వెళ్ళే దారిలో. ఈ మూడూ బాగుపడ్డాక మెరుపు సంగతి చూసుకోవచ్చు, చూసుకోకపోయినా నష్టం లేదు.

కాంటాక్టుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత కీ "పాడైపోయింది" అని పక్కన పడేయడానికి తొంభై పాళ్ళు కారణం ఇదే. ఈ తరహా కీలు పుట్టిన కాలంలో టెలిగ్రాఫ్ లైన్లలో పదుల మిల్లీయాంపుల కరెంటు నడిచేది. తర్వాత వచ్చిన వాల్వు ట్రాన్స్‌మిటర్లలో కీ దగ్గర ఏకంగా వందల వోల్టులు ఉండేవి. నొక్కి వదిలిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేచి, కాంటాక్టు మీద పేరుకున్న నల్లటి పొరను అదే కాల్చేసేది. అంటే కీ తనను తానే శుభ్రం చేసుకునేది. ఇప్పటి రిగ్‌ల కీ జాక్‌లో ఉండేది ఏవో నాలుగైదు వోల్టులు, ఒకటి రెండు మిల్లీయాంపులు. ఆ కాస్త కరెంటుకి ఆ పొరను ఛేదించే శక్తి లేదు. అందుకే ఒకప్పుడు పెద్ద ట్రాన్స్‌మిటర్‌ని అలవోకగా నడిపిన కీ, ఇవాళ్టి సున్నితమైన రిగ్ ముందు తడబడుతుంది. తప్పు కీది కాదు.

నిమిషానికి 20 పదాల వేగంలో ఒక డిట్ (మోర్స్‌లో పొట్టి సంకేతం, చుక్క) నిడివి 60 మిల్లీసెకన్లు. దాని మధ్యలో పది మిల్లీసెకన్లు కాంటాక్టు తెగినా చెవికి పట్టేస్తుంది. సైడ్‌టోన్‌లో (మనం పంపేది మనకే వినిపించే శబ్దంలో) డిట్ చిరిగినట్టు వినిపిస్తుంది. అవతలి ఆపరేటర్‌కి మూడు డిట్‌ల "ఎస్" కాస్తా నాలుగు డిట్‌ల "హెచ్" అయిపోతుంది.

దీనికి మందు చాలా తేలిక. వెండి కాంటాక్టులైతే శుభ్రమైన తెల్ల కాగితం ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, రెండు కాంటాక్టుల మధ్య పెట్టి, లివర్‌ని మెల్లగా నొక్కి పట్టి కాగితాన్ని లాగాలి. కాగితం మీద బూడిద రంగు గీత పడుతుంది. ఆ గీత పడటం మానేసేదాకా కొత్త ముక్కలతో లాగుతూ పోవాలి. చివరిగా ఒకసారి పొడి కాగితంతో. అంతే. గరుకు కాగితం, ఆకురాయి జోలికి వెళ్ళకండి. అవి చేసే గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది, పైగా ఆ పల్చటి వెండి బిళ్ళ ఒకసారి అరిగితే మళ్ళీ రాదు. గుంటలు పడి, కాగితానికి లొంగని కాంటాక్టుకి మాత్రం బర్నిషింగ్ టూల్ వాడతాను. అది లోహాన్ని కోయదు, నునుపు చేస్తుంది. నా జె-38ని మొదట ఇలా శుభ్రం చేశాక, ఇప్పుడు ఎప్పుడైనా గరగర వినిపిస్తే ఒక్క కాగితం లాగుతాను, సరిపోతుంది.

ఇక ఇరుసు. లివర్‌కి అడ్డంగా ఉండే ట్రనియన్ రెండు కొసలూ రెండు మొన స్క్రూల మధ్య తిరుగుతాయి. పాత నూనె గడ్డకట్టి అక్కడ జిగురైపోతుంది. పూర్తిగా విప్పి, జిగురు తుడిచి, మొనలు మొద్దుబారాయేమో భూతద్దంతో చూసి, పల్చటి మెషిన్ ఆయిల్ ఒక్క చుక్క వేసి మళ్ళీ బిగించాలి. బిగింపు ఎంత అంటే, స్ప్రింగ్ వదులు చేశాక లివర్ దాని బరువుకే అది కిందికి వాలాలి, కానీ నాబ్ పట్టుకుని పక్కకి కదిపితే కదలకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదిరే చోటు చాలా ఇరుకు. అక్కడ లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ మళ్ళీ కాస్త తిరిగిపోతుంది, కాబట్టి స్క్రూడ్రైవర్‌తో స్క్రూని పట్టి ఉంచి నట్ తిప్పాలి. పాత స్క్రూల గాడి పక్కలు సమాంతరంగా ఉంటాయి, వాటికి గన్‌స్మిత్‌లు వాడే తరహా సమాంతర మొన ఉన్న స్క్రూడ్రైవర్లే పెట్టండి. మొన వైపు సన్నబడే మామూలు స్క్రూడ్రైవర్ జారిందంటే ఇత్తడి మీద శాశ్వతంగా మచ్చ పడుతుంది.

ఇంకా పాత కాలపు ఇత్తడి లివర్ల కీ కొంటున్నట్లయితే ఒక పరీక్ష చేయండి. ఇత్తడి లివర్‌లో దూర్చిన ఉక్కు ట్రనియన్ కాలక్రమంలో వదులయ్యేది. 1881లో బన్నెల్ పేటెంట్ చేసిన ఉక్కు లివర్ కీ ఆ బెడద తీర్చడానికే వచ్చింది, అందులో లివర్, ట్రనియన్ ఒకే ముక్క. ట్రనియన్ వదులైన ఇత్తడి కీని బాగుచేయడం ఇంట్లో పని కాదు, లేత్ ఉన్నవాళ్ళ పని.

చాలా స్ట్రెయిట్ కీల్లో (చేత్తో కిందికి నొక్కే మామూలు కీల్లో) కరెంటు లివర్‌కి చేరే దారి ఈ ఇరుసు మొనలే, లేదా స్ప్రింగే. నూనె వేశాక ఆ దారి ఇంకా నమ్మకం లేనిదవుతుంది. అందుకే నేను బాగుచేసే ప్రతి కీకీ లివర్ నుంచి ఫ్రేమ్‌కి సన్నటి, మెత్తటి అల్లిన రాగి తీగ ఒకటి కలుపుతాను. డ్రిల్ చేయకుండా, ఉన్న స్క్రూల కిందే దాన్ని బిగిస్తాను, రేపు ఎవరైనా తీసేయాలనుకుంటే నిమిషంలో తీసేయవచ్చు. కాంటాక్టులు అద్దంలా ఉన్నా ఇంకా గరగరమంటోందని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ తీగ గురించే. తీగ మరీ బిరుసుగా ఉంటే అదొక స్ప్రింగులా లివర్‌ని లాగుతుంది, ఆ జాగ్రత్త మాత్రం కావాలి.

ఇప్పుడు ఒక్కో కీ సంగతి. జె-38ని అమెరికా సైన్యపు సమాచార విభాగమైన సిగ్నల్ కోర్ శిక్షణ కోసం లెక్కలేనన్ని చేయించారు, చాలా కంపెనీలు తయారుచేశాయి, బొమ్మ రైళ్ళ లయనెల్‌తో సహా. అందుకే ఇప్పటికీ దొరుకుతుంది. విడిభాగాలు కూడా దొరుకుతాయి, కానీ ఒక తయారీదారు స్క్రూ ఇంకొకరి కీకి అన్నిసార్లూ పట్టదు, అది గుర్తుపెట్టుకోవాలి. బాగుచేయడం నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి కీ లేదని నా గట్టి అభిప్రాయం. ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, ప్రతిదీ విప్పవచ్చు. దీని పక్కన ఒక చిన్న మీట ఉంటుంది, సర్క్యూట్ క్లోజర్. అమెరికా టెలిగ్రాఫ్ లైన్లలో స్టేషన్లన్నీ ఒకే తీగ మీద వరుసగా ఉండేవి, ఎవరూ పంపనప్పుడు కూడా లైను మూసే ఉండాలి. అందుకే ఆపరేటర్ పంపడం ఆపగానే ఆ మీట మూసేవాడు. రేడియోలో మాత్రం ఆ మీట మూసి ఉంటే ట్రాన్స్‌మిటర్ ఆగకుండా క్యారియర్ (సందేశం లేని ఖాళీ సిగ్నల్) పంపుతూనే ఉంటుంది. నా దాన్ని తెరిచి ఉంచి, కదలకుండా స్క్రూ బిగించేశాను. ట్యూనింగ్‌కి పనికొస్తుందని కొందరు వదులుగా ఉంచుతారు, నాకు ఆ టెన్షన్ అక్కర్లేదు.

జె-38కి ఉన్న లోపం బరువు తక్కువ కావడం. బేకలైట్ బేస్ టేబుల్ మీద జారుతుంది. బరువైన ఉక్కు పలక మీద బిగించి, కింద రబ్బరు వేశాక చేతికి అసలైన హాయి తెలిసింది. కాంటాక్టుల మధ్య గ్యాప్ మామూలు ప్రింటర్ కాగితాలు రెండు దూరేంత, అంటే దాదాపు 0.2 మిల్లీమీటర్లు పెడతాను. గంటసేపు పంపినా మణికట్టు నొప్పి పుట్టదు.

బగ్ పూర్తిగా వేరే లోకం. హొరేస్ మార్టిన్ 1904లో పేటెంట్ పొందిన వైబ్రోప్లెక్స్‌లో బొటనవేలితో నొక్కితే లోలకం ఊగుతూ డిట్‌లు దానంతటదే కొడుతుంది, డాలు (పొడవు సంకేతాలు, గీతలు) మాత్రం చూపుడువేలితో ఒక్కొక్కటిగా మనమే కొట్టాలి. రోజంతా స్ట్రెయిట్ కీ కొట్టి చేతులు చచ్చుబడిన టెలిగ్రాఫర్లకి ఇది నిజంగా ఊరట. బాగుచేయడానికి మాత్రం ఓపిక కావాలి, ఎందుకంటే ఇక్కడ ప్రతి స్క్రూ మిగతా అన్నింటినీ కదిలిస్తుంది.

నేను పాటించే వరుస ఇది. మొదట ఇరుసు బిగింపు. తర్వాత లోలకం విశ్రాంతిలో ఉన్నప్పుడు డ్యాంపర్ చక్రానికి (దాని ఊపు ఆపే చక్రానికి) ఊరికే ఆనేలా కుడి వైపు స్టాప్ స్క్రూ. ఆ తర్వాతే డిట్ కాంటాక్టు: పాడిల్‌ని (వేళ్ళతో పట్టే పలకని) డిట్ వైపు నొక్కి పట్టి, లోలకం ఊగి ఊగి పూర్తిగా ఆగేదాకా ఉండి, అప్పుడు కాంటాక్టు స్క్రూ సరిగ్గా తాకీ తాకనట్టు తాకేలా తిప్పాలి. స్ప్రింగ్‌ని వంచేంత లోపలికి పోకూడదు. ఆఖరున ముల్లు మీటరుతో పరీక్ష. బ్యాటరీ, రెసిస్టర్, ముల్లు మీటరు కీతో వరుసగా కలిపి, కీ మూసినప్పుడు ముల్లు చివరిదాకా వెళ్ళేలా పెట్టుకుని డిట్‌ల వరుస వదలాలి. డిట్, ఖాళీ సమానంగా ఉంటే ముల్లు సగం దగ్గర వణుకుతూ నిలబడుతుంది. సగం దాటితే డిట్‌లు లావుగా ఉన్నాయని, కాంటాక్టు వెనక్కి తీయాలని అర్థం. సగానికి రాకపోతే డిట్‌లు బక్కగా ఉన్నాయని, అవతలివాళ్ళకి అందవని. డిజిటల్ మీటరు దీనికి పనికిరాదు, అంకెలు గంతులేస్తాయి తప్ప ఏమీ చెప్పవు.

నా బగ్ నల్ల బేస్ మీద బంగారు రంగు సన్న గీతలు కొంత చెరిగి ఉన్నాయి. వాటిని అలాగే వదిలేశాను. మెత్తటి గుడ్డ, కొంచెం మైనం, అంతే. ఎవరో ఏళ్ళ తరబడి చెయ్యి ఆనించి పనిచేసిన చోటే ఆ గీతలు చెరిగాయి. కొత్త రంగు వేస్తే అది పోతుంది.

శుభ్రం చేసే మందుల విషయంలో మూడు జాగ్రత్తలు. అమోనియా ఉన్న పాలిష్‌లు ఒత్తిడిలో ఉన్న ఇత్తడిలో సన్నటి పగుళ్ళు పుట్టించగలవు, డబ్బా మీద పదార్థాలు చదవండి. ఆమ్లాల్లో ఎక్కువసేపు నానబెడితే ఇత్తడిలోని జింకు పోయి గులాబీ రంగు రాగి తేలుతుంది, గట్టిపడిన ఉక్కు స్ప్రింగ్‌లైతే పెళుసెక్కి విరుగుతాయి. ఎబొనైట్ (గట్టి రబ్బరు) నాబ్‌లకి వేడి నీళ్ళు తగలనివ్వకండి, నల్లటిది గోధుమ రంగుకి తిరుగుతుంది. పైగా ఎబొనైట్‌లో గంధకం ఉంటుంది, మూసిన డబ్బాలో దాన్ని వెండి కాంటాక్టులతో కలిపి దాచితే అవి నల్లబడతాయి.

బ్రిటిష్ కీ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. డబ్ల్యూటీ 8 యాంప్ చిన్నది, మొరటుది, చావదు. పేరులోని 8 యాంప్ దాని కాంటాక్టుల సామర్థ్యం. శుభ్రం చేసి బరువైన పలక మీద బిగిస్తే చాలు. పోగొట్టుకున్న స్క్రూ బదులు మిల్లీమీటర్ల కొలత స్క్రూ పట్టుబట్టి ఎక్కించడం మాత్రం వద్దు. పాత బ్రిటిష్ పరికరాల మరలు బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) కొలతలు. 4బీఏ వ్యాసం 3.6 మిల్లీమీటర్లు, పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 0.66. దగ్గరగా కనిపించే ఎం3.5 పిచ్ 0.6. రెండు చుట్లు తిరిగినట్టే తిరిగి గాడి నాశనమవుతుంది.

ఇంకో హెచ్చరిక, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. పాత కీకి జతగా పాత వాల్వు ట్రాన్స్‌మిటర్ తెచ్చుకుంటే, క్యాథోడ్ కీయింగ్ (వాల్వు క్యాథోడ్ కరెంటునే కీతో తెంచే పద్ధతి) ఉన్న సెట్లలో కీ తెరిచి ఉన్నప్పుడు దాని లోహం మీద ప్రాణం తీసే వోల్టేజీ ఉండవచ్చు. ఈ కీల లివర్‌కి ఏ తొడుగూ లేదు. మధ్యలో కీయింగ్ రిలే గానీ, ట్రాన్సిస్టర్ స్విచ్ గానీ పెట్టకుండా కలపకండి. దానివల్ల కాంటాక్టులూ కాలకుండా ఉంటాయి.

డిట్‌లు, డాలు రెండూ దానంతటదే కొట్టే ఎలక్ట్రానిక్ కీయర్‌తో పోలిస్తే ఈ కీలు నెమ్మది, ఎక్కువ శ్రమ. పోటీల్లో నేనూ ఆ కీయర్‌కి తగిలించే పాడిలే పట్టుకుంటాను. కానీ తీరిగ్గా మాట్లాడుకునే క్యూఎస్ఓల్లో (రేడియో సంభాషణల్లో), జనవరి 1న జరిగే స్ట్రెయిట్ కీ నైట్‌లో, 7.055 మెగాహెర్ట్జ్ చుట్టూ చేరే స్ట్రెయిట్ కీ మిత్రుల మధ్య పాత కీ నాదం వేరు. అవతలివాళ్ళు కాల్‌సైన్ వినకముందే చెయ్యిని బట్టి గుర్తుపట్టేస్తారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు జె-38 తీసుకోండి. బగ్ కోసం మాత్రం స్ట్రెయిట్ కీ మీద లయ బాగా కుదిరేదాకా ఆగండి. మామూలు బరువుతో బగ్ డిట్‌లు నిమిషానికి 20 పదాలకి అటూ ఇటూ మొదలవుతాయి, అంతకన్నా తగ్గించాలంటే లోలకానికి అదనపు బరువు తగిలించాలి. పైగా డిట్‌లు ఆ వేగంలో పరుగెడుతుంటే డాలు ఈడుస్తూ కొట్టడం వినేవాళ్ళకి నరకం.