పాత స్పోర్ట్స్ కారుకు స్పేర్లు: కంపెనీవా, బయటి తయారీవా, సెకండ్ హ్యాండా?

పాతికేళ్లు దాటిన స్పోర్ట్స్ కారును రోడ్డు మీద తిప్పాలంటే అసలు టెన్షన్ స్పేర్లతోనే. తయారు చేసిన కంపెనీ కొన్నింటిని ఆపేసి ఉంటుంది, ఉన్నవాటి ధర చూస్తే గుండె జారుతుంది. అప్పుడు మిగిలేవి రెండు దారులు: బయటి తయారీదారులు చేసిన కొత్త పార్ట్స్, లేదంటే స్క్రాప్‌కి వెళ్లిన కార్ల నుంచి తీసిన పాత పార్ట్స్. ఏది మేలు అని మొత్తం కారుకి కలిపి అడిగితే జవాబు దొరకదు. ఆ పార్ట్ రబ్బరా, ఇనుమా, కరెంటు సామానా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ధరలు పోల్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ కారులో ఉన్న పార్ట్ నిజంగా స్పోర్ట్స్ కారుకోసమే చేసిందా అని చూడండి. చాలాసార్లు కాదు. పోర్షే 924 వోక్స్‌వ్యాగన్, ఆడీ సామాను చాలా వాడుకుని పుట్టిన కారు. బీఎండబ్ల్యూ జెడ్3కి ముందు సస్పెన్షన్ ఈ36 తరం 3 సిరీస్ కారుది, వెనకది అంతకు ముందు తరం ఈ30 నుంచి వచ్చింది. మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5లోని 1.6 లీటర్ ఇంజిన్ మాజ్డా 323 ఇంజిన్ కుటుంబానిదే. లోటస్ ఎలీస్ రెండో తరంలో కొన్నింటికి టయోటా సెలికాలో ఉన్న 2జెడ్‌జెడ్ ఇంజినే బిగించారు. స్పోర్ట్స్ కారు పేరు చెప్పి అడిగితే ఒక ధర, మామూలు కారు పేరు చెప్పి అడిగితే ఇంకో ధర పలకడం మామూలే. అందుకే కారు పేరుతో కాకుండా పార్ట్ నంబర్‌తో వెతకాలి. అయితే ఇంజిన్ ఒకటే కదా అని అన్నీ ఒకటే అనుకోవద్దు. ఎలీస్‌లో ఇంజిన్ టయోటాదైనా దాన్ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, లోటస్‌దే.

ఇక కంపెనీ పార్ట్స్. కొలత తేడా రాదు, బిగించాక మళ్లీ విప్పే పని పడదు. ఈ మధ్య కొన్ని కంపెనీలు ఆపేసిన పార్ట్స్‌ని మళ్లీ తయారు చేస్తున్నాయి కూడా. మొదటి తరం ఎంఎక్స్-5కి మాజ్డా, ఆర్32 జీటీ-ఆర్‌కి నిస్సాన్ 2017లో ఆ పని మొదలుపెట్టాయి. తర్వాత టయోటా సుప్రాకి అదే చేసింది. ఇంత శ్రద్ధ చూపినందుకు ఆ కంపెనీలకు మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పాలి, కానీ అవి చవక అని మాత్రం చెప్పలేను. నేనైతే కంపెనీ డబ్బాను మూడు రకాల వాటికే కొంటాను: తలుపుల చుట్టూ వచ్చే రబ్బరు బీడింగ్, ప్లాస్టిక్ క్లిప్పులు, ఇంజిన్ సెన్సర్లు. బయటి బీడింగ్ ఒక మిల్లీమీటరు మందం ఎక్కువైనా తలుపు సరిగ్గా పడదు, తక్కువైతే వాన నీళ్లు లోపలికి వస్తాయి. ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది. ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉన్న పాత స్టాక్ రబ్బరు కొత్త డబ్బాలో ఉన్నా కొత్తది కాదు. వేలితో మడిచి చూడండి, సన్నని పగుళ్లు కనిపిస్తే వదిలేయండి.

బయటి తయారీ అనగానే అన్నీ ఒక గాటన కట్టేస్తారు, అది తప్పు. కారు కంపెనీలు చాలా పార్ట్స్ సొంతంగా చేయవు. బాష్, డెన్సో, ఐసిన్, జాక్స్ (Sachs), లెమ్‌ఫోర్డర్, కేవైబీ లాంటి వాళ్ల దగ్గర చేయించుకుంటాయి. అదే తయారీదారు అదే పార్ట్‌ని సొంత డబ్బాలో చాలా తక్కువకి అమ్ముతాడు. లెమ్‌ఫోర్డర్ డబ్బాలో వచ్చిన కంట్రోల్ ఆర్మ్‌ని (చక్రాన్ని కారు బాడీకి కలిపే చేయి) వెలుతురులో తిప్పి చూస్తే కొన్నిటి మీద ఒకచోట గ్రైండర్‌తో అరగదీసిన గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. అక్కడ కారు కంపెనీ గుర్తు ఉండేది. దాన్ని చెరిపేసి అమ్ముతున్నారంతే. బుష్‌లు, బేరింగులు, వాటర్ పంపు, క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, షాక్ అబ్జార్బర్లు అన్నిటికీ నా ఓటు ఈ దారికే. అన్ని పార్ట్స్‌కీ ఈ సరుకు దొరకదు, దొరికినప్పుడు మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు.

పేరూ ఊరూ లేని డబ్బాలో, మిగతా అందరికంటే సగం ధరకి వచ్చేది వేరే సంగతి. బంపర్ బ్రాకెట్‌కి అది చాలు. చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింట్‌కి, బ్రేకులకి, ఇంజిన్ వాల్వుల్ని సరైన సమయానికి కదిలించే టైమింగ్ బెల్టుకి ఎంత చవకగా వచ్చినా వద్దు. పోర్షే 944నే తీసుకోండి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతుంది. పంపు బేరింగ్ పట్టేస్తే బెల్టుతో పాటు ఇంజిన్ పోతుంది. పైగా ఆ పంపు మార్చడానికి అయ్యే కూలీ చిన్నది కాదు, చవక పంపు పోతే అదంతా రెండోసారి కట్టాలి.

సెకండ్ హ్యాండ్ దగ్గర చాలామంది అనవసరంగా భయపడతారు. ఇనుము, అల్యూమినియం, గాజు, సీట్లు, డాష్‌బోర్డు, చక్రాల రిమ్ములు, గేర్‌బాక్స్ కేసింగ్: వీటికి ఇంతకంటే మంచి దారి లేదు. కంపెనీ తయారీ, సరైన కొలత, తక్కువ ధర. తుప్పు, పగులు, వంకర చూసుకుంటే చాలు. బ్రేక్ డిస్కు అయితే అంచు మీదో మధ్య భాగం మీదో ఉండాల్సిన కనీస మందం చెక్కి ఉంటుంది. మందం కొలిచే వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, దానికి దగ్గరపడిన డిస్కును పక్కన పెట్టేయండి. టైర్లు, బ్రేక్ హోసులు, ఎయిర్‌బ్యాగులు, బెల్టులు పాతవి ముట్టుకోవద్దు.

కరెంటు సామాను దగ్గర సెకండ్ హ్యాండ్ మోసం చేస్తుంది. 1990ల నాటి కొన్ని కార్ల ఈసీయూల్లో కెపాసిటర్లు కారి బోర్డును తినేస్తాయి. అప్పటి మిత్సుబిషి కార్లలో ఇది బాగా తెలిసిన జబ్బు. మీది పాడైందని ఇంకోటి కొంటే అదీ అదే వయసుది, దానికీ అదే జబ్బు దారిలోనే ఉంటుంది. కొనే డబ్బులో కొంత పెట్టి మీ ఈసీయూలోనే కెపాసిటర్లు మార్పించడం మేలు. ఆల్టర్నేటర్, స్టార్టర్, బ్రేక్ కాలిపర్, స్టీరింగ్ ర్యాక్ విషయంలోనూ అంతే. మీ కారుకి సరిపోతుందని ముందే తెలిసిన పార్ట్ మీదే, దాన్ని రీకండిషన్ చేయించండి. రీకండిషన్ చేసినవి అమ్మేవాళ్లు పాతది తిరిగిస్తే ధర తగ్గిస్తారు కాబట్టి విప్పిన పార్ట్‌ని తుక్కులో పడేయకండి.

చోటు ఉంటే స్పేర్ల కోసం పాడైన కారునే మొత్తంగా కొనడం ఇంకా కలిసొస్తుంది. ముందు గుద్దుకున్నదైతే వెనక భాగం, లోపలి సామాను, గేర్‌బాక్స్ మీకు పనికొస్తాయి, మిగతావి అమ్ముకోవచ్చు. చోటు లేకపోతే కొనాల్సిన వరస మార్చుకోండి. బేరింగ్, క్లచ్ అవసరం వచ్చినప్పుడు కొన్నా దొరుకుతాయి. మీ మోడల్‌కే ప్రత్యేకమైన టెయిల్ ల్యాంపు, ముందు అద్దం, స్విచ్చులు మాత్రం మంచివి కనిపించిన రోజే కొని పెట్టుకోండి.