కజ్‌బెగికి రెండుసార్లు

జార్జియాలో మాకు దొరికినవి తొమ్మిది రోజులు. అక్క కూతురు రాజధాని త్బిలిసీలో వైద్యం చదువుతోంది కాబట్టి బస్సుల బెంగ, భాష బెంగ సగం తీరాయి. మిగతా సగం ఆ లిపి దగ్గర మొదలైంది. 33 అక్షరాలే గానీ, ఒక్కొక్కటీ తలకట్టు తీసేసిన తెలుగు అక్షరంలా గుండ్రంగా ఉంటుంది. ఇదిగో వచ్చేసింది అనిపించి, ఒక్క ముక్కా రాదు.

మేం చేసిన తప్పు ముందే చెబుతాను. రెండో రోజే, ఫుట్‌పాత్ మీద బల్ల వేసుకుని టిక్కెట్లు అమ్మేవాళ్ల దగ్గర ఒక్కరోజు కజ్‌బెగి యాత్ర కొన్నాం. రానుపోను 300 కిలోమీటర్ల పైనే. నీటి ఒడ్డున అందంగా నిలబడిన అననూరి కోటకు ఇరవై నిమిషాలు ఇచ్చారు, దారిలో తేనె దుకాణానికి ముప్పావు గంట. గుదౌరి దాటాక లోయ అంచున రంగురంగుల బొమ్మలతో అర్ధచంద్రాకారపు గోడ ఒకటి వస్తుంది. రష్యాతో 1783లో కుదిరిన ఒప్పందానికి రెండు వందల ఏళ్లు నిండాయని 1983లో కట్టిన స్నేహ స్మారకం అది. 2008లో ఆ రెండు దేశాలే యుద్ధం చేసుకున్నాయి. గోడ మాత్రం చెక్కుచెదరలేదు, దాని ముందు సెల్ఫీలకు వరుస.

కజ్‌బెగి ఊరి పైన కొండ మీదున్న గెర్గెటి గుడి, అంటే చర్చి, చేరేసరికి మబ్బు కమ్మేసింది. 5,054 మీటర్ల కజ్‌బెక్ శిఖరం అదిగో అని గైడు చెయ్యి చాపిన వైపు తెల్లదనం తప్ప ఏమీ లేదు. "అరగంటలో బండి కదులుతుంది" అన్నాడు. డబ్బు పోయినందుకు కాదు గానీ, అంత దూరం వెళ్లి కొండను చూడకుండా రావడం నాకు మింగుడుపడలేదు.

మూడు రోజుల తర్వాత మళ్లీ బయలుదేరాం, ఈసారి దిదూబే బస్టాండు నుంచి మార్ష్రుట్కాలో. మన షేర్ ఆటోలాగే, నిండితే గానీ కదలని చిన్న వ్యాను. సంచులు ఒళ్లో, మోకాళ్లు గడ్డానికి. గుడి కనిపించినప్పుడల్లా డ్రైవరు స్టీరింగ్ వదిలి మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంటాడు. ఆ దేశంలో గుళ్లన్నీ మలుపుల్లోనే ఎందుకు కట్టారో!

కజ్‌బెగి ఊరి ఇప్పటి పేరు స్టెపాంట్స్‌మిండా. అక్కడ ఒక పెద్దావిడ తన ఇంట్లోనే నడిపే గెస్ట్‌హౌస్‌లో రెండు రాత్రులు ఉన్నాం. గది ఇరుకు, స్నానాల గది ముగ్గురు అతిథులకు కలిపి ఒకటే, వేడి నీళ్లు మొదట లేచినవాళ్లకే. అయినా త్బిలిసీ హోటల్ కంటే దీనికే నా ఓటు. మేం ఇండోయేతి నుంచి, అంటే ఇండియా నుంచి వచ్చామనగానే ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని "కెతెవాన్" అంది. తూర్పు జార్జియాలోని కఖేటి రాజ్యపు రాణి కెతెవాన్‌ను 1624లో పర్షియా రాజు షిరాజ్‌లో చంపించాడు. ఆమె అవశేషాలు పాత గోవాలో బయటపడితే డీఎన్‌ఏ పరీక్ష చేసింది మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. 2021లో వాటిలో ఒక భాగాన్ని మన విదేశాంగ మంత్రి జైశంకర్ స్వయంగా త్బిలిసీకి తెచ్చి అప్పగించారు. మేం హబ్సిగూడ వాళ్లమని, సీసీఎంబీ గేటు ముందు నుంచే రోజూ వెళతామని మేనకోడలు తర్జుమా చేసింది. ఆ రాత్రి లోబియో మట్టి పిడత రెండోసారి నిండింది. రాజ్మాలాంటి చిక్కుడు గింజలు, కొత్తిమీర, పక్కన మ్చాదీ అనే మొక్కజొన్న రొట్టె. జొన్నరొట్టె తిన్న నోటికి కొత్తేమీ కాదు.

శాకాహారులకు ఒక మాట. "మాంసం వద్దు" అంటే ప్రతిచోటా చీజ్ నింపిన ఖచపురి రొట్టే పెడతారు, మూడో రోజుకు మొహం మొత్తుతుంది. "సమర్ఖ్వో" అని అడగండి. వాళ్ల ఉపవాస భోజనం అది, మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. అక్రోటు ముద్ద పెట్టి చుట్టిన వంకాయ ముక్కలు వస్తాయి, వదలకండి.

పొద్దున ఆరింటికి కిటికీ తెర తీస్తే కొండ ఉంది. ముందు కొస మాత్రం గులాబీ రంగుకు తిరిగింది, తర్వాత ఆ రంగు మంచు మీదుగా కిందికి జారింది, దాని కింద గుడి ఇంకా నల్లటి చుక్కే. కాఫీ చల్లారిపోయింది. పైదాకా ఇప్పుడు తారురోడ్డుంది గానీ మేం నడిచే ఎక్కాం, దాదాపు రెండు గంటలు. ఆపద కాలంలో పాత రాజధాని మ్త్స్‌ఖేటా గుడి నిధులను ఇక్కడికి తెచ్చి దాచేవారని 18వ శతాబ్దపు చరిత్రకారుడు వఖుష్తి రాశాడు. ఎక్కుతుంటే ఎందుకో మోకాళ్లకే తెలిసింది. గుమ్మం దగ్గర ఆడవాళ్లు కట్టుకోవడానికి గుడ్డలు, తలకు కండువాలు పెట్టి ఉంటాయి.

మ్త్స్‌ఖేటాకు ఒక పూట చాలు, జ్వారి కొండ మీంచి రెండు నదులు రెండు రంగుల్లో కలవడం చూస్తే సరిపోతుంది. స్టాలిన్ పుట్టిన ఊరు గోరిలో ఆయన మ్యూజియం నాకు ఎక్కలేదు, ఆయన రైలు పెట్టె తప్ప మిగతాదంతా భజన. త్బిలిసీ గంధకపు స్నానాలకు గంట కేటాయించండి, వాసన గురించి ముందే మనసు గట్టి చేసుకుని. స్వానేటి అనే కొండ ప్రాంతపు బురుజులు చూడాలని ఎంతో ఉన్నా వదిలేశాం, అక్కడి మెస్టియా ఊరికి వెళ్లిరావడానికే రెండు రోజులు పోతాయి. మూడు రాత్రులు అక్కడ ఉండగలిగితేనే వెళ్లండి.

తిరుగు ప్రయాణంలో రష్యా సరిహద్దుకు వెళ్లే లారీల వరుస పక్కన గంటన్నర ఆగిపోయాం. డ్రైవరు దిగి సిగరెట్టు వెలిగించాడు. పెద్దావిడ కాగితంలో చుట్టి ఇచ్చిన మ్చాదీలు అక్కడే అయిపోయాయి.