రెసిల్‌మేనియా 32: ఆదివారం కన్నా శుక్రవారమే బాగుంది

2016 ఏప్రిల్ మొదటి వారాంతంలో డాలస్‌లో జరిగిన డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీల వార్షిక మహా షో రెసిల్‌మేనియా 32కి మా బావమరిదీ నేనూ హ్యూస్టన్ నుంచి కారులో వెళ్ళాం. ఐ-45 మీద నాలుగు గంటల దారి. మధ్యలో మాడిసన్‌విల్ దగ్గర బకీస్ అనే పెట్రోల్ బంకులో ఆగొచ్చు, టాయిలెట్లు శుభ్రంగా ఉంటాయి, కాఫీ పర్లేదు. అంతకు మించి ఆ దారి గురించి చెప్పడానికేం లేదు.

ముందు తేల్చుకోవాల్సింది బస. పేరుకి డాలస్ అంటారు గానీ ఆదివారం అసలు షో ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో. శుక్రవారం ఎన్ఎక్స్‌టీ టేకోవర్, అంటే డబ్ల్యూడబ్ల్యూఈ కొత్త తరం మల్లయోధుల షో, డాలస్ డౌన్‌టౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో. శనివారం పాత స్టార్లని సత్కరించే హాల్ ఆఫ్ ఫేమ్, సోమవారం వారం వారం వచ్చే టీవీ షో రా, రెండూ అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో. ఆర్లింగ్టన్‌లో దిగితే ఆ ఒక్క ఆదివారమే సుఖం, మిగతా రోజులు తిరుగుడే. డౌన్‌టౌన్‌లో గది అద్దె చూసి వెనక్కి తగ్గాం. చివరికి ఇర్వింగ్‌లో లాస్ కొలీనాస్ వైపు తీసుకున్నాం. నన్నడిగితే మనవాళ్ళకి అదే సరైన చోటు. ఆరెంజ్ లైన్ రైలెక్కితే విక్టరీ స్టేషన్‌లో దిగి అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌కి నడిచిపోవచ్చు, వెస్ట్ ఎండ్‌లో మారితే కన్వెన్షన్ సెంటర్. ఇడ్లీకీ బిర్యానీకీ ఇర్వింగ్‌లో కొదవ లేదు. పొద్దున టిఫిన్ చేసి, సాయంత్రానికి పులిహోర పార్సిల్ కట్టించుకుని రూములో పెట్టుకునేవాళ్ళం. హోటల్ పేరు చెప్పను. బుకింగ్‌లో లేని పార్కింగ్ ఛార్జీ బిల్లులో వేశారు, అరగంట వాదిస్తే సగం తీసేశారు. పరుపులు మాత్రం బాగున్నాయి.

శుక్రవారం గురించి ఎంత చెప్పినా తక్కువే. పది వేల లోపు జనం పట్టే హాలు, ఎక్కడ కూర్చున్నా రింగు కళ్ళెదురుగా ఉన్నట్టే. జపాన్ నుంచి వచ్చిన షిన్‌సుకే నకమురాకి అది డబ్ల్యూడబ్ల్యూఈలో తొలి మ్యాచ్, ఎదురుగా సామి జేన్. వయొలిన్ మ్యూజిక్ మొదలయ్యేసరికే హాలంతా లేచి నిలబడింది. మోచేత్తో మొహం మీద కొట్టుకునే ఆ వరస దెబ్బలప్పుడు చప్పుడు మా వరస దాకా వినిపించింది, అది టీవీలో రాదు. మ్యాచ్ నడుస్తుండగానే 'ఫైట్ ఫరెవర్' అని హాలంతా ఒకటే అరుపులు. మా బావమరిదికి నకమురా ఎవరో అంతకుముందు తెలీదు, మర్నాడు అభిమానుల మేళా యాక్సెస్‌లో మొదట కొన్నది అతని టీషర్టే. తర్వాత మహిళల మ్యాచ్‌లో అసుకా బేలీ మెడ పట్టి స్పృహ తప్పించి టైటిల్ లాక్కుంది. చివర్లో ఫిన్ బాలర్ చేతిలో చైన్ సాతో వచ్చాడు, ఎంతైనా 'టెక్సాస్ చైన్ సా' హారర్ సినిమా రాష్ట్రం కదా. అతని ప్రత్యర్థి సమోవా జో మొహం చిట్లి రక్తం కారుతుంటే డాక్టర్లు మాటిమాటికీ మ్యాచ్ ఆపారు, జనం డాక్టర్లని కూడా వదల్లేదు, గోల గోల.

శనివారం హాల్ ఆఫ్ ఫేమ్‌కి మేం వెళ్ళలేదు. సీనియర్ రెజ్లర్ స్టింగ్ రిటైరవుతున్నట్టు చెప్పింది అక్కడే.

ఇక ఆదివారం. ఆర్లింగ్టన్‌కి రైలు లేదు, ఆ ఊళ్ళో ఊరంతా తిరిగే సిటీ బస్సులు కూడా లేవు. సొంత కారో క్యాబో తప్పదు. మేం స్టేడియానికి కాస్త దూరంలో ఓ ప్రైవేటు స్థలంలో కారు పెట్టాం. వాడు ఒకదాని వెనక ఒకటి ఇరికించి పెట్టించాడు. షో అయ్యాక ముందు కారు వాడు వచ్చేదాకా మేం కదల్లేకపోయాం. క్యాబ్ వాళ్ళ టెన్షన్ వేరు, అర్ధరాత్రి ఒక్కసారిగా రేటు పైకి పోయింది.

మా సీట్లు పై అంతస్తులో. అక్కణ్ణుంచి రింగు బొటనవేలి గోరంత. మనుషుల్ని గుర్తు పట్టాలంటే నడినెత్తిన వేలాడే 160 అడుగుల తెరే దిక్కు. అంత దూరం వెళ్ళి టీవీ చూసొచ్చినట్టయింది అనుకున్నా, ఒక్క ఘట్టం తప్ప. అండర్‌టేకర్‌తో హెల్ ఇన్ ఎ సెల్ అనే బోను మ్యాచ్‌లో, అప్పటి కంపెనీ అధిపతి కొడుకు షేన్ మెక్‌మాన్ 20 అడుగుల బోను ఎక్కుతుంటే "దూకడులే బావా, బెదిరిస్తున్నాడంతే" అన్నాడు మా వాడు. షేన్ దూకాడు. అండర్‌టేకర్ పక్కకి జరిగాడు, కింద అనౌన్సర్ల టేబుల్ ముక్కలైంది. ఆ క్షణం తెర వైపు ఎవరూ చూడలేదు. చిన్నప్పుడు ట్రంప్ కార్డుల్లో అండర్‌టేకర్ కార్డు కోసం కొట్టుకున్న తరం మాది. తెనాలిలో మా పెదనాన్న కొడుకు సోమవారం తెల్లవారుజామున నాలుగున్నర నుంచీ టీవీ ముందు కూర్చుని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు.

ప్రీ షోతో కలిపి దాదాపు ఏడు గంటలు. ఆరు సెకన్లలో రాక్ ఎరిక్ రోవన్‌ని పడగొట్టడం, నాలుగు దెబ్బల కోసం పాత స్టార్లు ఆస్టిన్, షాన్ మైకేల్స్, ఫోలీ రావడం సరదాయే. కానీ చివరి మ్యాచ్‌లో ట్రిపుల్ హెచ్ మీద రోమన్ రెయిన్స్ గెలిచేసరికి ఓపిక అయిపోయింది. గెలిచినవాడికి ఈలలకన్నా ఛీత్కారాలే ఎక్కువ వినపడ్డాయి, మా వరసలో సగం మంది అప్పటికే పార్కింగ్ వైపు నడుస్తున్నారు. 1,01,763 మంది వచ్చారని ప్రకటించారు. ఆ లెక్క మీద అనుమానాలున్నాయి, కానీ బయటికొచ్చేటప్పుడు మెట్ల మీద తోసుకున్న నాకు తక్కువనిపించలేదు.

సోమవారం రా కి ఉందామంటే బావమరిదికి ఆఫీసు. ఎన్ఎక్స్‌టీ జోడీ ఎంజో, కాస్ రా లో తొలిసారి అడుగుపెట్టింది ఆ రాత్రే. ఇర్వింగ్‌లో ఇంకొక్క రాత్రి గది తీసుకుని ఉంటే సరిపోయేది, హ్యూస్టన్ దాకా దారి పొడుగునా వాడికి అదే వినిపించాను.