ఆర్కాది మఠానికి ఒక పూట యాత్ర: పేలుడు దగ్గరే ఆగిపోయిన కథ

గ్రీసుకు చెందిన క్రీట్ ద్వీపంలోని రెథిమ్నో పట్టణం నుంచి ఆర్కాది మఠానికి తీసుకువెళ్ళి, గైడు చేత చరిత్ర చెప్పించి, తిరిగి తెచ్చి దింపే ఒక పూట యాత్రకు ఈమధ్య వెళ్ళాను. మనిషికి 45 యూరోలు తీసుకున్నారు. టర్కీ ఉస్మానియా (ఒట్టోమన్) సుల్తానుల పాలన మీద 1866లో మొదలై 1869లో అణగిపోయిన క్రీట్ తిరుగుబాటును ఆ చోటనే నిలబడి తెలుసుకోవాలన్నది నా కోరిక కనుక, ఆ కథను ఈ యాత్ర ఎంత బాగా, ఎంతవరకు చెప్పిందన్న దాన్నిబట్టే ఈ సమీక్ష రాస్తున్నాను. వాహనం శుభ్రంగా ఉంది, చెప్పిన వేళకే వచ్చింది. ఆ విషయంలో ఇంతకు మించి చెప్పవలసింది లేదు.

రెథిమ్నోకు ఆగ్నేయంగా సుమారు 23 కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ ఎత్తయిన మైదానం మీద, కోటను తలపించే మందపాటి గోడలతో ఈ మఠం కనిపిస్తుంది. లోపలి చర్చి వెనీసు ఏలుబడి కాలం నాటిది. దాని మీద 1587 అన్న సంవత్సరం చెక్కి ఉంది. జంట స్తంభాలతో తీర్చిన ఆ ముఖభాగం ముందు ఫొటోల కోసం అందరూ గుమిగూడుతుంటే, మా గైడు మాత్రం మమ్మల్ని అక్కడ ఆపకుండా నేరుగా భోజనశాలకు తీసుకువెళ్ళి, సన్యాసులు తినే పొడవాటి బల్లల పక్కన నిలబెట్టి కథ మొదలుపెట్టాడు. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ నిర్ణయమే.

1866 వసంతంలో క్రీట్ క్రైస్తవులు పన్నుల భారం గురించి, న్యాయస్థానాల తీరు గురించి సుల్తానుకు విన్నపం పంపారు. అది తిరస్కరణకు గురైంది. ఆగస్టులో ద్వీపంలోని స్ఫాకియా ప్రాంతంలో సమావేశమైన ప్రతినిధులు గ్రీసుతో ఏకమవుతున్నట్లు ప్రకటించారు. ఆర్కాది మఠాధిపతి గవ్రిల్ మారినాకిస్ రెథిమ్నో ప్రాంత తిరుగుబాటు సంఘానికి పెద్ద కావడంతో, సంఘాన్ని వెళ్ళగొట్టకపోతే మఠాన్ని నేలమట్టం చేస్తానని గవర్నరు ఇస్మాయిల్ పాషా హెచ్చరించాడు. మఠాధిపతి లొంగలేదు. నవంబరు 8న, అప్పటి గ్రీకుల పాత క్యాలెండరు లెక్కన, సుమారు 15,000 మంది సైనికులు 30 ఫిరంగులతో మఠాన్ని ముట్టడించారు. లోపల ఉన్నవారు 964 మంది. వారిలో ఆయుధం ఉన్నవారు 259 మంది మాత్రమే, మిగిలిన వారిలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు. ఆ రాత్రి సాయం కోసం తాళ్ళ మీద కిందికి జారి, శత్రువుల వరుసలు దాటి వెళ్ళిన దూతలకు దొరికినది ఒక్కటే జవాబు: దారులన్నీ మూసుకుపోయాయి, ఎవరూ రాలేరు.

మర్నాడు రెథిమ్నో నుంచి తెచ్చిన పెద్ద ఫిరంగులకు పడమటి ద్వారం కూలింది. మందుగుండు అయిపోయి భోజనశాలలో తలదాచుకున్న 36 మందిని అక్కడే నరికివేశారు. మేము చేతులు ఆనించి నిలబడిన బల్లల మీది గాట్లు ఆ కత్తులవేనని గైడు చెప్పగానే అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. తరువాత మందుగుండు నిలవ చేసిన గదికి నడిచాము. అది అంతకుముందు ద్రాక్షసారా దాచుకునే కమాను గది. ఇప్పుడు కప్పు లేదు, ఆకాశం కనిపిస్తుంది. వందలాది మంది ఆ గదిలోకి చేరాక, శత్రువులు తలుపు దాకా వచ్చే వరకు ఆగి, కాన్‌స్తాంతినోస్ యాంబుదాకిస్ పీపాలకు నిప్పంటించాడు. మఠాధిపతే నిప్పంటించాడన్న జనశ్రుతి ఒకటి ఉంది కాని, ఆయన అప్పటికే మరణించి ఉన్నాడు. చాలామంది జనశ్రుతినే చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. మా గైడు ఆ పని చేయలేదు. మొత్తం మీద 800 మందికి పైగా చనిపోయారు, వంద పైచిలుకు బందీలయ్యారు.

ఇంతవరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు. యాత్రలో లోపం ఇక్కడి నుంచే మొదలైంది. తరువాత ఏమైందని ఒక ప్రయాణికురాలు అడిగితే, "క్రీట్‌కు స్వాతంత్ర్యం వచ్చింది" అని చెప్పి గైడు గడియారం చూసుకున్నాడు. గ్రీసుతో విలీనం జరిగినది 1913లో. నలభై ఏడేళ్ళు ఒక్క వాక్యంలో గల్లంతయ్యాయి. ఆర్కాది వార్తకు యూరపు చలించిన మాట నిజమే. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో పత్రికకు రాశాడు, విరాళాలు వచ్చాయి, స్వచ్ఛంద సైనికులు వచ్చారు, మఠం పేరే పెట్టుకున్న ఓడ ఒకటి సుల్తాను నౌకల దిగ్బంధాన్ని ఛేదించుకుంటూ 1867 ఆగస్టు వరకు ఆయుధాలు చేరవేసింది. కాని ప్రభుత్వాలు కదలలేదు. సుల్తాను ప్రధానమంత్రి ఆలీ పాషా స్వయంగా ద్వీపానికి వచ్చి, పాలనలో క్రైస్తవులకు కొంత వాటా ఇచ్చే శాసనంతో ఒక చేత్తో బుజ్జగిస్తే, కొండదారుల వెంట కట్టిన చిన్న కోటలు అణచివేసే రెండో చేతి పని చేశాయి. 1869 ఆరంభంలో పారిస్‌లో సమావేశమైన యూరపు మహారాజ్యాలు గ్రీసు చేత సాయం మాన్పించాయి, తిరుగుబాటు చల్లారింది. అంత త్యాగం తరువాత కూడా ఎందుకు ఓడిపోయారన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. ఆ ప్రశ్న మా యాత్రలో వినిపించనే లేదు. ముట్టడించిన వారందరినీ "టర్కులు" అని ఒకే గాటన కట్టడం కూడా నాకు రుచించలేదు. వారిలో ఈజిప్టు సైనికులు ఉన్నారు, గ్రీకు మాట్లాడే క్రీట్ ముస్లిములూ ఉన్నారు.

సమయం చాలలేదని అనడానికి వీలు లేదు. మఠంలో 50 నిమిషాలు గడిపిన మమ్మల్ని, తిరుగుదారిలో ఒక కుండల దుకాణంలో గంటకు పైగా కూర్చోబెట్టారు. ప్రకటనలో ఆ దుకాణం ఊసే లేదు.

గైడుకు ఐదింట నాలుగు, యాత్ర నడిపిన వారికి రెండు ఇస్తాను. మఠం గోడల బయట, పాత గాలిమర కట్టడంలో మృతుల ఎముకలను భద్రపరిచిన మందిరాన్ని మాకు వాహనంలో నుంచే చూపించారు. మర్నాడు ఊరి బస్సెక్కి ఒంటరిగా వెళ్ళి, అద్దాల వెనుక వరుసగా పేర్చిన పుర్రెల ముందు కావలసినంత సేపు నిలబడి వచ్చాను.