వనస్థలిపురంలో పాతిల్లు: 13 ఏళ్ల కాపురం తర్వాత

ఈ ఇల్లు మేం 2012లో కొన్నాం. 200 గజాలు, తూర్పు ముఖం, కింద రెండు బెడ్‌రూములు, మేడ మీద ఒక గది. అదే డబ్బుకి కొత్త ఫ్లాట్ వస్తుంటే ఈ పాతిల్లెందుకని మా బావగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు.

ఇంటి సంగతి తర్వాత, ముందు కాగితాల సంగతి. నాకు నిద్ర పట్టనిది అక్కడే. ఇంటి నంబరు ఇచ్చి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్) తీయిస్తే ఒక్క లావాదేవీ కనబడింది, 2003లో తండ్రి కొడుక్కి రాసిన గిఫ్ట్ డీడ్. క్లీన్‌గా ఉందని సంతోషించి టోకెన్ అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. మాకు తెలిసిన డాక్యుమెంటు రైటర్ ఒకాయన మాత్రం చూసి నవ్వి, ఇల్లు కట్టకముందు దానికి ఇంటి నంబరు ఎక్కడిదండీ, సర్వే నంబరు, ప్లాటు నంబరు వేసి మళ్లీ తీయండి అన్నాడు. తీస్తే మూడు బయటపడ్డాయి. 1986లో లేఅవుట్ వాళ్లు అమ్మింది, 1993లో రెండో ఆయన, అంటే ఆ గిఫ్ట్ డీడ్ రాసిన తండ్రి, కొన్నది, ఇక 1996లో ఆయన హౌస్ బిల్డింగ్ అడ్వాన్స్ కోసం తన ఆఫీసుకే ప్లాటు తనఖా పెట్టింది. అప్పు జీతంలోంచి ఎప్పుడో కట్ అయిపోయింది, ఆయన రిటైర్ కూడా అయ్యారు, కానీ తనఖా విడుదల డీడ్ ఎవరూ రిజిస్టర్ చేయించలేదు. పాత ఫైలు వెతికించి ఆ కాగితం తెచ్చుకునేసరికి నాలుగు నెలలు. పాపం పెద్దాయన ప్రతిసారీ మాతో ఆటోలో వచ్చేవారు.

1986 డాక్యుమెంటులో 200 గజాల ధర 18 వేలు, చేతిరాతతో, వెనక పేజీలో ఇంకుతో వేలిముద్రలు. దాని మీద 30 అడుగుల రోడ్డు అని ఉంది, నేను టేపు పెట్టి కొలిస్తే 27 వచ్చింది. మిగతా మూడడుగులూ ఎదురింటి ర్యాంపు కింద ఉన్నాయి. (మా ర్యాంపు కూడా కొంచెం ముందుకే ఉందనుకోండి.) పాత డాక్యుమెంట్లలో రాసిన అంకెల్ని బట్టి ధర ఎంత పెరిగిందో లెక్కేయకండి, అప్పట్లో చాలామంది రాయించింది గవర్నమెంట్ వాల్యూ (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన విలువ) మాత్రమే. మాకు బ్యాంకు లోను కావాలి కాబట్టి అసలు ధరే రాయించాం, దానికి అమ్మేవాళ్లని ఒప్పించడానికి ఇంకో నెల పట్టింది.

ఇక ఇల్లు. హాల్లో తాండూరు బండలు, మే నెలలో మధ్యాహ్నం చాప కూడా లేకుండా పడుకోవచ్చు. బేస్‌మెంట్ ఎత్తుగా కట్టారు, 2020 అక్టోబర్ వానకి వీధంతా చెరువైనా నీళ్లు మా రెండో మెట్టు దాటలేదు. ఎల్బీనగర్‌కి 2018లో మెట్రో వచ్చాక మా అమ్మాయికి కాలేజీ సుఖమైంది. హరిణ వనస్థలి దగ్గరే కాబట్టి పొద్దున్న నెమళ్ల అరుపులు వినబడతాయి, మొదట్లో బాగుంటుంది, నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్నవాణ్ని అడిగితే వేరేలా చెబుతాడు.

చెమ్మ మాత్రం ఏడిపించింది. వంటింటి గోడ మీద కందిపప్పు రంగు మరక, ప్రతి వానాకాలం అరచేయంత పెరిగేది. టెర్రస్‌కి రెండుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించి డబ్బు తగలేశాక, చివరికి ప్లంబర్ గోడ పగలగొడితే మేడ మీద బాత్‌రూమ్‌కి వెళ్లే పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేలితో నొక్కితే పొడి రాలుతోంది. వేసవిలో సంపు ఖాళీ అయి, పైపులో నీళ్లు లేక మరక తగ్గేది, అందుకే మేం వాననే అనుమానించాం. పాతిల్లు కొంటే పైపులన్నీ ముందే మార్పించుకోండి, రంగులు తర్వాత వేసుకోవచ్చు.

మొన్న ఒక బ్రోకర్ వచ్చి డెవలప్‌మెంట్‌కి ఇస్తారా సార్, ఐదు ఫ్లోర్లు లేపుదాం అన్నాడు. ఇవ్వనని చెప్పాను. అయినా లింకు డాక్యుమెంట్ల (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజుల) జిరాక్స్ అడిగితే సెట్టు ఇచ్చాను, తనఖా విడుదల కాగితం అన్నిటికంటే పైన పెట్టి.