విజయనగరంలో బాధితులకు ఉచిత న్యాయ సహాయం: మా అనుభవం

మా పిన్ని కూతురిపై దాడి చేసిన వ్యక్తిని అరెస్టు చేసినప్పుడు విజయనగరంలో ఉచిత న్యాయ సహాయం కింద మాకు కేటాయించిన న్యాయవాది సేవ గురించి ఈ సమీక్ష. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం అందుతుంది. మా దగ్గర ఒక్క రూపాయి కూడా ఫీజు తీసుకోలేదు.

అరెస్టయిన 24 గంటల్లోగా నిందితుణ్ని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి కాబట్టి బాధితులకు ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. రిమాండుకు ఎప్పుడు తీసుకువెళతారో స్టేషనులో మాకెవరూ చెప్పలేదు. న్యాయవాదిగారే ఫోను చేసి కనుక్కొని మమ్మల్ని రమ్మన్నారు. కోర్టు వరండాలో నిందితుడి బంధువులు ఎదురుపడకుండా చెల్లిని వేరేవైపు కూర్చోబెట్టి, వాళ్లు ఏ రోజున, ఎవరి ఎదుట, ఏమని బెదిరించారో తెల్లకాగితం మీద ఆమె చేతనే రాయించారు. ఆ శ్రద్ధే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది.

బెయిలుతో సహా ప్రతి దశలోనూ బాధితుల వాదన వినాలని సుప్రీంకోర్టు 2022లో జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టే అట్రాసిటీ కేసుల్లోనైతే ఆ చట్టం 15ఎ సెక్షన్ కింద విచారణ గురించి బాధితులకు ముందుగా తెలియజేయాలి కూడా. ఇవన్నీ ఆయన ఓపికగా వివరించి, రిమాండుతో పని అయిపోదని, బెయిలు పిటిషను వేసినప్పుడు మళ్లీ రావాలని స్పష్టంగా చెప్పారు.

దరఖాస్తు నింపడం మాత్రం చదువు తక్కువైనవారికి కష్టమే. ఎవరినైనా తోడు తీసుకువెళ్లండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. న్యాయ సహాయానికి ఫోను నంబరు 15100.